పోటునీటిలో పడవ విద్య

మన యూరిపేరునకు ముందున్న "ఐ" అను అక్షరమునకు అర్థమేమని పరస్థలములనుండి వచ్చినవారు తఱచుగా అడుగుచుందురు. అది ద్వీపమని యర్థమిచ్చు "ఐలాండ్" అను ఇంగ్లీషుమాటకు పొడి యక్షరము. ఒకవంక గౌతమియు, వేఱొకవంక వృద్ధగౌతమియు, దిగువను సముద్రమును చుట్టుకొని యుండుటచేత మన పోలవరమునకు ఐలాండ్ పోలవరమని పేరు కలిగినది. గోదావరి యొడ్డుననే ఎగువను మఱియొక పోలవరము కలదు గనుక, ఈ యొక్క యక్షరము లేనిచో ఉత్తరములు సైతము దారితప్పును.

ఇట్టి చోట పుట్టి పెరిగిన బాలబాలికలకు నీరు క్రొత్త కాదు. రేవు దాటి బడికి వచ్చువారును కలరు. తండ్రులు వలలు వేయుచుండగా పడవలో నిద్రించి పెరిగినవారును కలరు. అయినను నీరు ఏ వేళ ఏ వైపునకు పాఱునో, ఎందులకట్లు పాఱునో, పడవ యెందువలన బోల్తాపడునో అడిగినచో మా తరగతిలో సరిగా చెప్పగలవారు మిక్కిలి కొద్దిమంది. నిజము చెప్పవలసినచో కొన్ని యేండ్లక్రిందటివఱకు మేమును చెప్పజాలకుంటిమి.

2018వ సంవత్సరము జూలై 14వ తేదీ శనివారమునాడు, మన మండలములోని పశువుల్లంకవద్ద, బడినుండి ఇండ్లకు మరలుచున్న పిల్లలతో కూడిన నాటుపడవ నిర్మాణములో నున్న వంతెన స్తంభమునకు తగిలి తలక్రిందులయ్యెను. పెక్కురు ఒడ్డు చేరిరి. కొందఱు బడిపిల్లలు చేరలేదు. ఆ వార్త విన్ననాటినుండి మాకు ఒక ప్రశ్న మనస్సును వదలలేదు. మేము పిల్లలకు న్యూటను సూత్రములు బోధించితిమి. గంగా సింధు నదుల పొడవులు వల్లెవేయించితిమి. ప్రతిదినము వారు దాటు నీటినిగూర్చి ఒక్క పాఠమైనను చెప్పితిమా? ఈ వ్యాసము ఆ లోపమును కొంతవఱకు తీర్చుటకై వ్రాయబడినది.

కయాక్ అను పడవ

మా మిత్రుడొకరు వేసవి సెలవులలో రెండు కయాకులను తెచ్చి మాకు వాడుకొననిచ్చిరి. కయాక్ అనునది ఉత్తరధ్రువ ప్రాంతములందలి ఇన్యూట్ జనులు కర్రచట్రముపై సీలు చర్మము బిగించి చేసికొనిన వేటపడవ. ఇప్పటివి ప్లాస్టిక్కుతోను గాజునారతోను చేయబడుచున్నవి. సముద్రమునకు వాడునది సుమారు 5 మీటర్ల పొడవును, 60 సెంటీమీటర్లకు లోపు వెడల్పును ఉండును. పైభాగమంతయు మూయబడి, ఒక మనిషి నడుమువఱకు దిగి కూర్చుండుటకు మాత్రము రంధ్రముండును. ముందును వెనుకను గాలియఱలు ఉండుటచేత బోల్తాపడినను మునిగిపోదు. తెడ్డునకు రెండు కొనలను రెండు రెక్కలు ఉండును; ఒకటి కుడిని, ఒకటి ఎడమను మార్చి మార్చి వేయవలెను.

ఇది మనకు వింతవస్తువని తలంపరాదు. తాటిమ్రాను మొదలు తొలిచి చేసిన దోనెను చూచినవారు దీనిని వెంటనే గుర్తించెదరు. రెండును సన్ననివి, రెంటను కూర్చున్నవాడు నీటిమట్టముననే యుండును, రెండును తలయూపినంతమాత్రమున ఒరగును. పెద్ద నావలో కూర్చున్నవానికి తెలియని నీటి కదలిక యంతయు దోనెలోను కయాక్‌లోను నడుమునకు తెలియును. అందుచేతనే నీటిపాఠము నేర్చుటకు ఇంతకంటె మంచి బల్ల వేఱొకటి లేదని మా యభిప్రాయము.

మాకు గురువుగా దొరకినవాడు పూర్వము పడవలపై సరంగుగా పనిచేసిన వృద్ధుడు. మేము కయాకులను గట్టున దింపి తెడ్లు పంచుచుండగా ఆయన చూచి, "మేష్టారూ, కుర్రోళ్ళకి తెడ్డు తర్వాత ఇద్దురుగాని, ముందు నీరు చూపించండి" అనెను. మొదటి మూడు దినములు ఆయన మమ్ము నీటిలో దిగనీయలేదు. గట్టున కూర్చుండబెట్టి, ప్రవాహమున కొట్టుకొనివచ్చు గుఱ్ఱపుడెక్క తుట్టెలను చూపి, "ఇది ఎటు పోతంది? ఎంత జోరుగా పోతంది? ఎక్కడ ఆగతంది?" అని అడుగుచుండెను. అప్పుడు మాకు విసుగు కలిగినమాట నిజము. పిమ్మట నేర్చిన దంతయు ఆ మూడు ప్రశ్నలకు వివరణమే యని యిప్పుడు తెలిసికొంటిమి.

పోటు, పాటు

సముద్రజలము పొంగి నదీముఖమున లోనికి వచ్చుటను పోటనియు, వెనుకకు తీయుటను పాటనియు మనవారందురు. గ్రంథములలో పాటునకు ఆటని పేరు. దీనికి ముఖ్యకారణము చంద్రుని యాకర్షణము. సూర్యుడు కొంత సాయపడును. మన తీరమున దినమునకు రెండు పోట్లు, రెండు పాట్లు కలుగును. ఒక పోటునుండి మరుపోటునకు సుమారు 12 గంటల 25 నిమిషములు పట్టును. కాబట్టి నేడు ఉదయము ఎనిమిదింటికి నీరు నిండినచో రేపు సుమారు ఎనిమిది గంటల ఏబది నిమిషములకు నిండును. పంచాంగము చూడనేర్చిన ప్రతి పల్లెకారుడు ఈ ఏబది నిమిషముల లెక్కను బడికి పోకయే ఎఱుగును.

అమావాస్యకు, పౌర్ణమికి సూర్యచంద్రుల యాకర్షణములు ఒకే వరుసలో చేరుటచేత పోటు హెచ్చుగాను, పాటు లోతుగాను ఉండును. సప్తమి అష్టముల ప్రాంతమున రెండాకర్షణములు అడ్డముగా నుండుటచేత తేడా తగ్గును. మన కాకినాడ తీరమున పెద్దపోటునాడు సైతము ఎత్తుపల్లముల భేదము సుమారు ఒకటిన్నర మీటరుకు మించదు. గుజరాతు దేశమున ఖంభాతు సింధుశాఖలో ఇది పది మీటర్ల వఱకు ఉండును. అట్లయినచో మన పోటు లెక్కలోనిది కాదని కొందఱందురు. ఆ మాట పొరపాటు. ఎత్తు కొంచెమైనను, ఆ నీరంతయు ఇఱుకైన పాయలగుండ పోయి రావలెను. విశాలమైన చోట మెల్లగా నడచు నీరు ఇఱుకున పరుగెత్తును. పడవను పడద్రోయునది నీటి యెత్తు కాదు, నీటి వేగము.

ఆ వేగము పోటుకాల మంతటను ఒక్కరీతిగా ఉండదు. దీనికి నావికులు వాడు ఒక సులభమైన లెక్క కలదు. నీరు ఎక్కుటకు ఆఱు గంటలు పట్టుననియు, మొత్తము ఎక్కవలసినది 120 సెంటీమీటర్లనియు అనుకొందము. దానిని పండ్రెండు వంతులు చేసినచో వంతునకు 10 సెంటీమీటర్లు వచ్చును. మొదటి గంటలో ఒక వంతు, రెండవ గంటలో రెండు, మూడవ గంటలో మూడు, నాలుగవ గంటలో మూడు, అయిదవ గంటలో రెండు, ఆఱవ గంటలో ఒకటి చొప్పున నీరెక్కును. అనగా 10, 20, 30, 30, 20, 10. నడిమి రెండు గంటలలోనే సగము నీరు కదలుచున్నది. క్రొత్తవాడు దిగవలసినది మొదటి గంటలోనో కడపటి గంటలోనో గాని, నడిమి గంటలలో కాదు.

అయితే ఈ లెక్క సముద్రపుటొడ్డునకు చెల్లినంతగా నదికి చెల్లదు. సముద్రములో నీరెక్కుట నిలిచిన వెంటనే పాయలో ప్రవాహము నిలువదు. కొంతసేపు లోనికి పాఱుచునే యుండి, పిమ్మట ఆగి, వెనుదిరుగును. ఇంతేకాక ఎగువనుండి వచ్చు గోదావరినీరు పోటును ఎదిరించును, పాటునకు తోడ్పడును. వేసవిలో నదినీరు తక్కువగా నున్నప్పుడు పోటు యానాము దాటి పైకిపోవుటను మనము చూచుచున్నాము. జూలైమొదలు అక్టోబరువఱకు వరదకాలమున నది బలమే ప్రబలమై, పోటువేళను కూడ నీరు సముద్రమువైపునకే పాఱుచుండును. పాటువేళ రెండు బలములు ఒకటైపోవును. మేలో సులువుగా దాటిన రేవు జూలైలో అదే రేవు కాదు.

విద్యార్థులు దీనిని తామే పరీక్షింపవచ్చును. రేవుమెట్టకు ప్రక్కన, ప్రవాహము లేని చోట, ఒక వెదురుకఱ్ఱను పాతి సెంటీమీటర్లు గుర్తులు పెట్టుడు. పెద్దవారు తోడుండగా అరగంటకొకమారు నీటిమట్టమును వ్రాసికొనుడు. అదే సమయమున గుఱ్ఱపుడెక్క యే దిక్కునకు పోవుచున్నదో వ్రాసికొనుడు. పదునైదు దినములు వ్రాసినచో ఒక అమావాస్యయో పౌర్ణమియో వచ్చి తీరును. భారత సర్వే శాఖవారు ప్రతి సంవత్సరము పోటుపాటుల పట్టికలు ప్రకటించుచున్నారు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థవారు సముద్రపు అలలనుగూర్చి మత్స్యకారులకు ముందుగా తెలియజేయుచున్నారు. మీ కఱ్ఱ చెప్పినదానిని, పట్టిక చెప్పినదానిని సరిపోల్చినచో మన రేవునకు ఎంత ఆలస్యము కలుగునో మీకే తేలును.

ప్రవాహమును దాటుట

నాలుగవనాడు తాత మమ్ము నీటిలో దిగనిచ్చెను; అదియు చెఱువులో మాత్రమే. లైఫ్ జాకెట్టు బిగించి కట్టుకొనుట, కావలెనని పడవను బోల్తా వేసి తలక్రిందుగా నుండి బయటికి వచ్చుట, బోల్తాపడిన పడవను పట్టుకొని తేలుట: ఇవియే మొదటి పాఠములు. తలక్రిందైనప్పుడు మనస్సు తొందరపడును గాని కాలము చాలినంత యుండును. మూడు లెక్కించి, చేతులతో పడవయంచు తట్టి, కాళ్లు ముడుచుకొని ముందునకు వంగి జారినచో బయటపడవచ్చును. మా పిల్లలు ఒక్కొక్కరు పదిమార్లు పడి లేచిన తరువాత భయము పోయినది. మాకు పదునైదుమార్లు పట్టెను.

పిమ్మట నీరు నిలుకడగా నున్న వేళ పాయలో దిగితిమి. అక్కడ మొదటి సందేహము, అవతలి గట్టునకు పోవుటకు పడవముక్కు ఎటు పెట్టవలెనని. సూటిగా అవతలి రేవువైపునకే అని పిల్లలందఱును చెప్పిరి. లెక్క చూడుడు. పాయ వెడల్పు 400 మీటర్లు, మన వేగము గంటకు 5 కిలోమీటర్లు, ప్రవాహవేగము గంటకు 3 కిలోమీటర్లు అనుకొందము. సూటిగా ముక్కుపెట్టి తెడ్డు వేసినచో అయిదు నిమిషములకు కొంచెము తక్కువగా అవతలికి చేరుదుము గాని, ఆలోపల ప్రవాహము మనలను 240 మీటర్లు దిగువకు ఈడ్చుకొనిపోవును. ఆ 240 మీటర్లలో ఒక స్తంభమున్నచో, ఒక వలగుంజ యున్నచో, దానిమీదికే పోవుదుము. అట్లుగాక ముక్కును ఎగువవైపునకు సుమారు 37 డిగ్రీలు త్రిప్పి పట్టినచో, మన బలములో 3 పాళ్లు ప్రవాహమును సరిచేయుటకు చెల్లిపోయి, 4 పాళ్లు దాటుటకు మిగులును. సరిగా ఆఱు నిమిషములలో ఎదురురేవుననే దిగుదుము. జ్యామితిలోని 3, 4, 5 త్రిభుజమునకు గౌతమిపై ఇంత ప్రయోజనమున్నదని మా గణితోపాధ్యాయులు ఇంతకుముందు చెప్పలేదు. చెప్పినచో పిల్లలు మఱింత శ్రద్ధతో వినియుందురు.

మాటునీరు, హద్దుగీత

ప్రవాహమునకు ఒక స్తంభమో, బోదెగట్టు మూలయో అడ్డము వచ్చినప్పుడు దాని వెనుక నీరు నెమ్మదించి, ఒక్కొక్కప్పుడు ఎదురుగా ఎగువకు తిరుగును. దీనిని మాటునీరని పిలుతము. అలసిన పడవవానికి అది విశ్రాంతిస్థానము. కాని మాటునీటికిని, పరుగునీటికిని నడుమ స్పష్టమైన హద్దుగీత కలదు. దానివెంట చిన్న చిన్న సుడులు గిఱగిఱ తిరుగుచుండును. పడవలు ఎక్కువగా పడునది ఈ గీతమీదనే.

కారణ మిది. మాటునీటినుండి ముక్కు బయటికి పెట్టగానే ముక్కును పరుగునీరు దిగువకు లాగును. వెనుకభాగము ఇంకను నిలిచిననీటిలోనే యుండును. పడవ గిఱ్ఱున తిరుగును. అదే సమయమున పరుగునీరు ఎగువప్రక్కనున్న అంచును పట్టి క్రిందికి త్రొక్కజూచును. కూర్చున్నవాడు బెదరి ఎగువవైపునకు ఒరిగినచో అంచు మునిగి పడవ తిరుగబడును. దిగువవైపునకు ఒరిగి, ఎగువయంచును పైకెత్తినచో నీరు పడవ యడుగున జారిపోవును. సైకిలువాడు మలుపు తిరుగునప్పుడు లోపలివైపునకు ఒరుగుట యెఱుగుదుము గదా, ఇదియు అట్టిదే. దిగువప్రక్కన తెడ్డురెక్కను నీటిపై వెల్లకిలగా ఆనించినచో ఊతకఱ్ఱవలె నిలుపును.

ఈ సూత్రమును నల్లబల్లమీద చక్కగా బొమ్మగీసి పిల్లలకు చెప్పినవారము మేమే. మరునాడు ఒక పాత రేవుగుంజ చాటునుండి మొదట బయలుదేఱినవారమును మేమే. ముక్కు హద్దుగీత దాటగానే పడవ తిరిగెను; మనస్సులోని సూత్రమంతయు మాయమయ్యెను; శరీరము తనంతట తాను ఎగువకు ఒరిగెను. రెండు క్షణములలో మేము నీటిక్రింద నుంటిమి. చెఱువులో నేర్చినట్లు బయటికి వచ్చి, పడవను పట్టుకొని, వెల్లకిల తేలుచు పోవుచుండగా, మా తరగతిలో లెక్కలకు వెనుకబడిన యొక విద్యార్థి తన కయాక్‌ను చక్కగా ఒరిగించి గీత దాటి వచ్చి, పడవతాడు అందుకొని గట్టునకు చేర్చెను. అతడు నవ్వలేదు. "అయ్యగారూ, మీరు అటు ఒరగకూడదని మీరే చెప్పారు గదా" అని మాత్రము అనెను. నీటివిద్య చెవితో నేర్చునది కాదనియు, శరీరమునకు అలవాటు కావలెననియు ఆనాడు తెలిసినది.

నిలిచియుండు కెరటములు

సముద్రపు కెరటము మనవైపునకు నడచి వచ్చును. కాని వేగముగా పాఱు నీటిలో ఒకేచోట లేచి, అక్కడనే నిలిచియుండు కెరటములు కలవు. ఇవి భౌతికశాస్త్రపు తరగతిలో బిగించిన తీగపై చూపు స్థిరతరంగములు కావు. తీగపై రెండు తరంగములు ఎదురెదురుగా పోయి కలియుటచేత నిలుకడ కలుగును. నదిలో నన్ననో, ఒక్కటే తరంగము ఎగువకు ఎంత వేగమున పోజూచునో, నీరు దానిని దిగువకు అంతే వేగమున తెచ్చుచుండును. ఎదురుగాలిలో ఱెక్కలాడించుచు ఒకచోటనే నిలిచిన పక్షివలె కెరటము నిలుచును. నీటియడుగున ఇసుకదిబ్బయో, ఱాతిమెట్టో యుండి, పలుచని వేగజలము ఒక్కమారుగా లోతులో పడు చోట ఇవి లేచును.

వేగము తెలిసినచో కెరటము పొడవును లెక్కింపవచ్చును. లోతైన నీటిలో, సెకనుకు మీటర్లలో చెప్పిన ప్రవాహవేగమును వర్గము చేసి 0.64తో గుణింపవలెను. వేగము 2 మీటర్లయినచో ఒక శిఖరమునుండి మరుశిఖరమునకు సుమారు రెండున్నర మీటర్లు. 3 మీటర్లయినచో ఆఱు మీటర్లకు కొంచెము తక్కువ. గట్టున నిలిచి కెరటముల యెడమును కంటితో కొలిచి నీటివేగమును ఊహింపవచ్చునన్నమాట.

కెనడాదేశమున బ్రిటిషు కొలంబియా తీరమందు స్కూకమ్‌చక్ అను ఇఱుకుదారి కలదు. అక్కడ పెద్దపోటువేళ నీరు గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగమున పరుగెత్తును; ఇఱుకునకు ఇరువైపుల నీటిమట్టములు రెండు మీటర్లకు పైగా భేదించును. అక్కడ లేచి నిలుచు కెరటముపై ఆడుటకై దూరదేశములనుండి కయాక్‌వారు వత్తురు. ముక్కు ఎగువకు పెట్టి కెరటపు వాలుపై నిలిచినచో పడవ తన బరువుచేత క్రిందికి జారజూచును; నీరు దానిని పైకి మోయజూచును; రెండును సరిపోయి పడవ ఉన్నచోటనే యుండును. వేల్సులోని ఆంగ్లిసీ ద్వీపతీరమున సయితము ఇట్టి నీటిలో పాఠములు చెప్పుచుందురు. వారు పట్టిక చూచి నీరు నిలుచు గంట తెలిసికొని, తోటివారితో కూడి, దిగువను ఖాళీనీరున్న చోటనే దిగుదురు. అది వారికి క్రీడ. మన పిల్లలకు నీరు క్రీడ కాదు, బడిదారి. కాబట్టి వారికంటె మనకే ఈ జ్ఞానము ఎక్కువగా కావలెను.

మన ముఖద్వారమున కలుగు ప్రమాదము వేఱొక విధమైనది. పాటువేళ నదినీరు బయటికి పరుగెత్తుచుండగా సముద్రపు కెరటములు దానికి ఎదురుగా లోనికి వచ్చును. ఎదురునీరు తగులగానే కెరటము పొట్టిదై, నిటారై, విఱుగును. లోతునీటిలో కెరటమునకు స్వతస్సిద్ధముగా నున్న వేగములో నాలుగవవంతు వేగముగల ఎదురుప్రవాహము దానిని పూర్తిగా నిలిపివేయును. నాలుగు సెకనుల కొకటిగా వచ్చు కెరటము సెకనుకు సుమారు 6 మీటర్లు నడచును. దానిని ఆపుటకు సెకనుకు ఒకటిన్నర మీటరు పాటునీరు చాలును. దాని బలమంతయు అక్కడనే పోగుపడి గోడవలె లేచును. ముఖద్వారమున ఇసుకమేట యుండుటచేత లోతు తగ్గి అది మఱింత విజృంభించును. పోటువేళ నున్నగా కనబడిన ముఖద్వారము మూడు గంటలలో తెల్లని నురుగుగా మాఱుట ఇందువలననే. పల్లెకారులు వేళచూచి పోవుట అలవాటు మాత్రమే కాదు, శాస్త్రము.

మేము పిల్లలను ముఖద్వారమునకు కొనిపోలేదు. పాయలో ఒక మేటమీద, పాటు మొదటి గంటలో, మోకాలెత్తు కెరటములు లేచు చోట అభ్యసింపజేసితిమి. తాత చెప్పిన నియమములు మూడు. ముక్కును కెరటమునకు ఎదురుగా నిలుపవలెను; ప్రక్క చూపరాదు. భయపడి తెడ్డు పైకెత్తరాదు. నీటిలోనున్న తెడ్డే మూడవకాలు. ప్రక్కనుండి కెరటము వచ్చిపడినచో దానికి దూరముగా కాక దానివైపునకే ఒరగవలెను.

స్తంభమును గూర్చి

ఈ పాఠములన్నియు కలిసి ఒక్కచోట పరీక్షకు వచ్చును. అది ప్రవాహమున నిలిచిన స్తంభము.

నీటి తాకిడి వేగముతోపాటు పెరుగదు. వేగపు వర్గముతో పెరుగును. సెకనుకు ఒక మీటరు వేగమున వచ్చు నీరు అడ్డునిలిచిన చదరపు మీటరుపై సుమారు 50 కిలోల బరువంత ఒత్తిడి కలిగించును. వేగము రెండు మీటర్లయినచో అది 200 కిలోలగును. ఎనిమిది మీటర్ల పొడవుగల పడవ నలుబది సెంటీమీటర్లు నీటిలో మునిగి యుండి స్తంభమునకు అడ్డముగా చిక్కినచో, దానిపై 600 కిలోలకు మించిన ఒత్తిడి పడును. పదిమంది పురుషులు గెడలు వేసినను దానిని త్రోయజాలరు.

పడవ అడ్డముగా తగిలినప్పుడు మనుష్యస్వభావము స్తంభమునుండి దూరముగా తొలగుమని చెప్పును. దూరముగా తొలగుట యనగా ఎగువప్రక్కకు ఒరుగుట. ఎగువయంచు దిగును, పరుగునీరు లోనికి చొచ్చును, పడవ తిరుగబడును. హద్దుగీతమీద మేము చేసిన తప్పే ఇచ్చట ప్రాణాంతకమగును. చేయవలసినది దీనికి విరుద్ధము: స్తంభమువైపునకే ఒరిగి, దానిని చేతులతో కౌగిలించినట్లు పట్టి, ఎగువయంచును పైకి లేపవలెను. కయాక్‌లో ఒంటరిగా నున్నవానికే ఇది కష్టము. నిండుపడవలో ముప్పదిమంది ఒక్కక్షణమున ఒకేవైపునకు, అదియు భయపెట్టుదానివైపునకు, ఒరుగుదురా? ఒరుగరు. కాబట్టి నిండుపడవకు ఒక్కటే రక్ష: స్తంభమునకు ఎగువన ఎన్నడును అడ్డముగా పోకుండుట. దాటవలసినచో స్తంభములకు దిగువనుండియే దాటవలెను. అప్పుడు యంత్రము ఆగినను, తెడ్డు విఱిగినను, ప్రవాహము పడవను స్తంభమునకు దూరముగానే కొనిపోవును.

ఆనాడు పశువుల్లంకవద్ద తప్పెవరిదో విచారించుట మా పని కాదు. నీరు ఎట్లు ప్రవర్తించునో చెప్పుట మాత్రము మా పని. అది ఆలస్యముగా చెప్పుచున్నామని మాకు తెలియును.

చదువరులకు మనవి

కయాక్ లేనివారికిని ఈ పాఠములో గ్రహింపవలసినది కలదు. రేవున నిలిచినప్పుడు ముందుగా గుఱ్ఱపుడెక్కను చూడుడు. అది ఎటు పోవుచున్నదో, దాని దారిలో ఏమి యడ్డమున్నదో చూడుడు. లైఫ్ జాకెట్టు లేని పడవ ఎక్కవలసివచ్చినచో అడుగుడు, అడుగుటకు సిగ్గుపడకుడు. పడవయంచు నీటికి జానెడు ఎత్తున లేనిచో తరువాతి పడవకు ఆగుడు. బడిగంట ఆలస్యమైనచో ఉపాధ్యాయులు క్షమింతురు. పడవ ఊగినప్పుడు లేచి నిలువకుడు, క్రిందికి కూర్చుండుడు. నీటిలో పడినచో వేగజలమున కాళ్లు నేలకు ఆనింపజూడకుడు, రాళ్లనడుమ చిక్కును. వెల్లకిల తేలి, పాదములు దిగువకు పెట్టి, ప్రవాహముతో పోవుచు ఏటవాలుగా గట్టువైపునకు చేతులు వేయుడు. ఈత రానివాడు ముందుగా చెఱువులో పెద్దలవద్ద ఈత నేర్చుకొనవలెను. బాలికలకును బాలురతో సమానముగా నేర్పవలెను. రేవు దాటువారిలో వారును సగముమంది గదా.

సెలవులు ముగిసినపిమ్మట కయాకులను మిత్రునికి పంపివేసితిమి. వెదురుకఱ్ఱ మాత్రము రేవుప్రక్కన నిలిచియున్నది. మొన్నటి పౌర్ణమినాడు మేము అటు పోవగా, ఆఱవ తరగతి బాలిక యొకతె దానిప్రక్కన పుస్తకము పట్టుకొని కూర్చుండి యుండెను. ఆమె తల్లి పడవకై ఆమెను తొందరపెట్టుచుండెను. "ఉండమ్మా, నీరింకా దిగువకే పోతంది. అరగంట ఆగితే నిలబడతంది, అప్పుడు ఎక్కుదాం" అని ఆ బాలిక చెప్పెను. తల్లి గట్టున కూర్చుండెను. మేమును కూర్చుంటిమి.